పరిత్యక్తమాత - జీవనోపాధి : ‘కార్తీకదీపం’ ధారావాహిక పరిశీలనము

భర్తచే విడువబడి బిడ్డలను ఒంటరిగా పెంచిన తల్లి కథ తెలుగువారికి క్రొత్తది కాదు. తిక్కన నిర్వచనోత్తరరామాయణమునందును, కంకంటి పాపరాజు ఉత్తరరామాయణమునందును సీతాపరిత్యాగము కరుణరసమునకు నెలవైనది. 1963లో వెలువడిన ‘లవకుశ’ చలనచిత్రమున పెద్దాపురపు అంజలీదేవి సీతగా నటించి ఆ కథను నిరక్షరాస్యులకు సైతము సన్నిహితము చేసెను. స్టార్ మా ఛానలులో 2017 నుండి 2023 వరకు ప్రసారమైన ‘కార్తీకదీపం’ ఈ పరంపరలోనిదే యని మా అభిప్రాయము. మలయాళ ‘కరుత్తముత్తు’ దీనికి మూలము. రెండింటను నాయిక ప్రేమీ విశ్వనాథ్.

నాయిక దీప నల్లని మేనిచాయ గలది. భర్త కార్తీక్ వైద్యుడు. తనకు సంతానము కలుగదని నమ్మిన అతడు గర్భవతియైన భార్యను శంకించెను. ఆమె ఇల్లు వీడెను. కవలలలో శౌర్య తల్లికడను, హిమ తండ్రికడను పెరిగిరి. నింద, గర్భముతో ఇల్లు విడుచుట, కవలలు: ఈ మూడును ఉత్తరరామాయణమునం దున్నవే.

అయినను భేద మొకటి కలదు. సీతకు వాల్మీకి ఆశ్రమము నీడనిచ్చెను. దీపకు ఆశ్రమము లేదు. వంటపని చేసి బిడ్డను పోషించుకొనెను. అందుచేతనే ఆమెకు ‘వంటలక్క’ యను పేరు వచ్చినది. వంటల, అక్క యను పదములు అత్వసంధిచే కలిసి యేర్పడిన ఈ పేరు భర్తవలన గాక వృత్తివలన వచ్చినది. కథలో మిక్కిలి క్రొత్తదన మిదియే.

కాని కథ ఈ క్రొత్తదనమును కడవరకు నిలుపలేదు. బిడ్డలకు తండ్రి ఎవరను ప్రశ్నయు, దానికై డి.ఎన్.ఏ. పరీక్షయు ప్రధానము లయ్యెను. నేటి కూలి యెంత, రేపటి యద్దె యెట్లు అను ప్రశ్నలు వెనుకబడెను.

ఈ ప్రశ్నల బరువు కోనసీమలో స్పష్టముగా కానవచ్చును. గౌతమీ వసిష్ఠల నడుమ కొబ్బరితోటలతో పచ్చనైన సీమ యిది. అయినను రాజోలు, అమలాపురము ప్రాంతములనుండి ఎందరో స్త్రీలు దశాబ్దములుగా కువైటు మున్నగు గల్ఫుదేశములకు ఇంటిపనికై పోవుచున్నారు. కొందరికి అప్పు, కొందరికి బిడ్డ పెండ్లి కారణము. భర్త పెట్టు బాధలకు తాళలేని స్త్రీకి ఆ త్రోవయే దిక్కుగా తోచుటలో వింత లేదు. వలస అనుమతి అవసరమైన దేశములకు ముప్పదియేండ్లు నిండని స్త్రీ ఇంటిపనికి పోరాదని భారతప్రభుత్వ నియమము. కావున చంటిబిడ్డ గల పడుచుతల్లికి ఆ తలుపు మూసియే యుండును. ఈడు చాలినవారు బిడ్డను అమ్మమ్మ కప్పగించి విమాన మెక్కవలెను. దీప వంట చేసి బిడ్డను ప్రక్కన నుంచుకొనగలిగెను. వీరు వంట చేయుటకే బిడ్డను విడువవలసివచ్చును.

చట్టము మాత్రము కథకంటె ముందడుగు వేసినది. 2005 నాటి గృహహింస నిరోధకచట్టము 2006 అక్టోబరు 26న అమలులోనికి వచ్చెను. దెబ్బలేగాక మాటలచే నొప్పించుట, ఆర్థికముగా పీడించుటయు హింసయే యని అది చెప్పుచున్నది. భార్య నడవడిపై నిందమోపుట సైతము నియమావళిలోని నమూనాపత్రమున చేర్చబడినది. ఇల్లు ఎవరి పేర నున్నను, కాపురముండిన యింట నివసించుటకు ఆమెకు హక్కు కలదు. అందుకు శీలపరీక్ష అవసరము లేదు.

2021లో వచ్చిన అమెరికా ధారావాహిక ‘మెయిడ్’ ఇచట స్మరింపదగినది. స్టెఫనీ ల్యాండ్ 2019లో ప్రచురించిన స్వీయకథ దానికి ఆధారము. రాత్రివేళ బిడ్డతో ఇల్లు వీడిన తల్లి, సహచరుడు కొట్టలేదు గనుక తనది హింస కాదని మొదట తలంచును. ఆమె చేతిలో మిగిలిన సొమ్ము తెరపై అంకెలుగా తరుగుచుండును.

అట్టి లెక్క మన కథలలో కానరాదు. నిర్దోషియని నిరూపింపబడిన స్త్రీకి గౌరవము దక్కవచ్చును. కాని ఆ రాత్రికి తలదాచుకొనుటకు చోటు వేరుగా కావలెను. వంటలక్క కథను వ్రాయువారు ఇకమీద ఆమె శీలమును గాక ఆమె కూలిని లెక్కింతురుగాక యని మేము కోరుచున్నాము.