బరాబర్ గుహలు నవలకెక్కిన వైనం

బీహారులో గయకు ఉత్తరాన సుమారు 25 కిలోమీటర్ల దూరంలో బరాబర్ కొండలున్నాయి. ఆ కొండల్లోని గుహలు క్రీస్తుపూర్వం 3వ శతాబ్దం నాటివి. గట్టి రాతిని తొలిచి, గోడలను అద్దంలా నునుపు చేశారు. అశోక చక్రవర్తి వీటిని ఆజీవక సన్యాసులకు ఇచ్చినట్లు శాసనాలు చెబుతున్నాయి. లోపల నోరు విప్పితే చాలు, ఆ మాట చాలాసేపు మార్మోగుతుంది. 1913లో ఆ ప్రతిధ్వని విన్న ఒక ఆంగ్లేయుడు దాని చుట్టూ ఒక నవలే అల్లాడు. ఆయనే ఇ.ఎం.ఫార్‌స్టర్. ఆ నవల 'ఎ పాసేజ్ టు ఇండియా'.

స్నేహితుని కోసం రాక

ఫార్‌స్టర్ మన దేశానికి ఉద్యోగానికో వ్యాపారానికో రాలేదు. అలీగఢ్ విద్యాసంస్థను స్థాపించిన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనుమడు సయ్యద్ రాస్ మసూద్ ఇంగ్లండులో చదువుకునే రోజుల్లో ఫార్‌స్టర్ ఆయనకు లాటిన్ పాఠాలు చెప్పారు. పాఠాలతో మొదలైన పరిచయం గాఢ స్నేహమైంది. ఆ స్నేహితుణ్ణి చూడటానికే 1912లో ఓడ ఎక్కారు. మసూద్ అప్పట్లో పాట్నా పక్కన గంగ ఒడ్డునున్న బంకీపూర్‌లో వకీలు. ఈ మసూదే తర్వాత 1916 నుంచి 1928 వరకు నిజాం రాష్ట్రంలో విద్యాశాఖ డైరెక్టరుగా పనిచేశారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పాటులో ఆయన కృషి ఉంది.

చూసింది వేరు, రాసింది వేరు

బంకీపూర్ నవలలో 'చంద్రాపూర్' అయింది. బరాబర్ 'మారబార్' అయింది. మారింది పేర్లు మాత్రమే కాదు. కొండలను ఊరికి 20 మైళ్ల దూరానికి జరిపారు. అసలు గుహల్లో శాసనాలున్నాయి, ఒకదాని గుమ్మం మీద ఏనుగుల శిల్పాలున్నాయి. నవలలోని గుహలకు శిల్పమూ లేదు, చరిత్రా లేదు. మిగిల్చింది నున్నని గోడలనూ ప్రతిధ్వనినీ మాత్రమే. ఎవరు ఏమన్నా ఒకే మోతగా తిరిగొచ్చే ఆ చీకట్లో ఒక ఆంగ్ల యువతి కలవరపడుతుంది. డాక్టర్ అజీజ్ మీద నింద పడుతుంది. ఊరు రెండు వర్గాలుగా చీలుతుంది.

దేవాస్‌లో కృష్ణాష్టమి

1913లో మొదలుపెట్టిన నవల మధ్యలో ఆగిపోయింది. 1921లో ఫార్‌స్టర్ మళ్లీ వచ్చి దేవాస్ సంస్థానంలో మహారాజుకు ప్రైవేటు సెక్రటరీగా కొన్ని నెలలు పనిచేశారు. ఒకే ఊరిని ఇద్దరు రాజులు పంచుకుని ఏలిన విచిత్ర సంస్థానమది. రాసిన పుటలు వెంట తెచ్చుకున్నా ఇక్కడ కలం సాగలేదు. కళ్లెదుటి దేశానికీ, జ్ఞాపకంతో రాసిన దేశానికీ పొంతన కుదరలేదు. అయితే ఆ ఏడు దేవాస్ కోటలో గోకులాష్టమి ఉత్సవాలను దగ్గరుండి చూశారు. భజనలు, రంగులు, చెరువు దాకా సాగిన ఊరేగింపు అన్నీ నవల చివరి భాగంలో చోటు చేసుకున్నాయి. స్వదేశం చేరాకే ఆయన నవల పూర్తి చేశారు. 1924లో అది అచ్చయింది.

నేలే చెప్పిన జవాబు

పాలించేవాడూ పాలింపబడేవాడూ స్నేహితులు కాగలరా? నవల అడిగే ప్రశ్న ఇదే. రెండు ప్రయాణాల నడుమ 1919లో జలియన్‌వాలాబాగ్ కాల్పులు జరిగాయి. నవల ముగింపులో అజీజ్, ఆయన ఆంగ్ల మిత్రుడు ఫీల్డింగ్ గుర్రాల మీద పక్కపక్కనే వెళుతుంటారు. ఇద్దరికీ స్నేహం కావాలి. దారిలో బండలు అడ్డుపడి గుర్రాలు విడిపోతాయి. ఇప్పుడే కాదు, ఇక్కడ కాదు అని ఆ నేలే చెప్పినట్లుంటుంది.

నవలను ఫార్‌స్టర్ మసూద్‌కు, తమ 17 ఏళ్ల స్నేహానికి అంకితమిచ్చారు. కథలో విడిపోయిన చెలిమి బయట విడిపోలేదు. 1937లో మసూద్ కన్నుమూసే వరకూ అది నిలిచింది.