మీకు తెలుసా? కారెంపూడి తిరునాళ్లలో పదో తరగతి ఇంగ్లీషు

కోటప్పకొండ తిరునాళ్ల ప్రభలు ఇళ్లకు చేరాయంటే పదో తరగతి పిల్లలున్న ఇళ్లలో టీవీ గొంతు తగ్గిపోతుంది. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. ఇంగ్లీషు పేపరుకు 100 మార్కులు, 35 వస్తే గట్టెక్కినట్టే. కానీ ప్లాటు, సెట్టింగు, థీమ్, వాయిస్, రిపోర్టెడ్ స్పీచ్ అని నోట్సులో రాసుకున్న మాటలు చాలామంది పిల్లలకు ఎక్కడో సముద్రాల అవతలి సరుకులా కనిపిస్తాయి. నిజానికి వాటిలో సగం మాచర్ల, గురజాల, కారెంపూడి కథల్లో చిన్నప్పటి నుంచి విన్నవే. మిగతా సగం మన తెలుగు వ్యాకరణంతో పక్కపక్కన పెట్టి చూస్తే తేలిపోయేవే.

ప్లాటు అంటే మొదట నేల ముక్కే

ఇంగ్లీషులో ఆ మాట స్థలం అన్న అర్థంతోనే పుట్టింది. కథకు వాడటం తర్వాత వచ్చింది. నరసరావుపేటలో ప్లాటు కొన్నామని పెద్దవాళ్లు అనే మాటా, పరీక్షలో కథ ప్లాటు రాయమని అడిగే మాటా ఒకటే. స్థలానికి హద్దురాళ్లు ఎలాగో కథకు సంఘటనలు అలాగ. అయితే సంఘటనలు వరసగా చెప్పేస్తే ప్లాటు అయిపోదు. ఇ.ఎం. ఫోర్‌స్టర్ అనే ఇంగ్లీషు నవలాకారుడు 1927లో 'ఆస్పెక్ట్స్ ఆఫ్ ది నావెల్' పుస్తకంలో ఈ తేడా తేల్చాడు: ఒకదాని తర్వాత ఒకటి జరిగితే కథ, ఒకదాని వల్ల ఒకటి జరిగితే ప్లాటు. మన పల్నాటి యుద్ధం కథ లెక్కలో చెప్పాలంటే, కోడిపందెం జరిగింది, తర్వాత మాచర్ల వాళ్లు ఊరు వదిలారు అంటే కథ. పందెం ఓడినందువల్ల ఏడేళ్లు వలస పోవాల్సి వచ్చింది అంటే ప్లాటు. జవాబులో ఆ 'అందువల్ల' కనిపించాలి. చాలా జవాబుల్లో లేనిది అదే.

తిరునాళ్ల రోజుల పేర్లే కథా సంఘటనలు

ఏటా కార్తీక మాసం చివర కారెంపూడిలో పల్నాటి వీరుల తిరునాళ్లు జరుగుతాయి. ఐదు రోజులకూ ఐదు పేర్లు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి యుద్ధాన్ని ఒక ఊరు ఇలా రోజుకో ఘట్టంగా తలుచుకుంటోందంటే ఎప్పుడు విన్నా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇందులో ఇంకో విశేషం ఉంది. కథలో ముందు కోడిపందెం, ఆ తర్వాత వలస, గడువు తీరాక మాచర్ల తరఫున అలరాజు రాయబారం. తిరునాళ్లలో మాత్రం రాయబారం రెండో రోజు, కోడిపోరు నాలుగో రోజు! జరిగిన వరుస ఒకటి, చెప్పే వరుస మరొకటి. ముందు జరిగినదాన్ని వెనక చెప్పడాన్నే ఇంగ్లీషు పాఠంలో ఫ్లాష్‌బ్యాక్ అంటారు.

క్లైమాక్స్ అంటే గ్రీకులో నిచ్చెన

కథ మెట్టు మెట్టుగా పైకెక్కుతుంది కాబట్టి ఆ పేరు తగినదే. పరీక్షల కోసం పిల్లలు గీసే కొండ ఆకారపు బొమ్మ మాత్రం గుస్తావ్ ఫ్రైటాగ్ అనే జర్మన్ రచయితది. 1863లో నాటక నిర్మాణం మీద రాసిన పుస్తకంలో ఐదు దశలు చెప్పాడు: పరిచయం, ఎక్కుడు, శిఖరం, దిగుడు, ముగింపు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే మన భరతుడి నాట్యశాస్త్రంలో పంచసంధులున్నాయి: ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం. రెండూ అచ్చంగా ఒకటని చెప్పను. భరతుడి లెక్క నాయకుడికి ఫలం దక్కడం వైపు నడుస్తుంది. ఫ్రైటాగ్ ముఖ్యంగా విషాదాంత నాటకాలను ముందు పెట్టుకున్నాడు. పల్నాటి కథలో ఎవరికీ ఫలం దక్కలేదు కనుక ఆ జర్మన్ కొండే దీనికి బాగా అతుకుతుంది.

గీసి చూడండి. సవతి అన్నదమ్ములు నలగామరాజు గురజాలలో, మలిదేవరాజు మాచర్లలో, వాళ్ల వెనుక మంత్రులు నాగమ్మ, బ్రహ్మనాయుడు: ఇది పరిచయం. కోడిపందెం, వలస, రాయబారిగా వెళ్లిన అలరాజు విషానికి బలైపోవడం: ఎక్కుడు. నాగులేటి ఒడ్డున కారెంపూడి రణరంగం, బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు నేలకొరగడం: శిఖరం. అంతా అయిపోయాక బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని చెప్పుకోవడం: దిగుడు, ముగింపు. ఒక్కసారి ఈ బొమ్మ గీసిన పిల్లకు 'ది నెక్లెస్' పాఠం ప్లాటు రాయడం కష్టం కాదు.

బాలచంద్రుడిదే ఇంకో ప్రశ్నకూ జవాబు. బొంగరాలాడుకునే కుర్రవాడు కథ ముగిసేసరికి కత్తి పట్టి ప్రాణమిచ్చిన వీరుడు. కథలో ఇలా మారే పాత్రను డైనమిక్ క్యారెక్టర్ అంటారు.

ఎవరు చెబుతున్నారో మారితే నాగమ్మ కూడా మారిపోతుంది

పల్నాటి యుద్ధం రెండుసార్లు సినిమాగా వచ్చింది. 1947లో నాగమ్మగా కన్నాంబ, బాలచంద్రుడిగా అక్కినేని. 1966లో నాగమ్మగా భానుమతి, బ్రహ్మనాయుడిగా ఎన్టీఆర్. అంతకుముందు శ్రీనాథుడి పేర ద్విపద కావ్యం ఉంది. అన్నిటికంటే ముందునుంచీ ఈ వీరుల కథ పాడే వీరవిద్యావంతుల పాట ఉంది. జీన్ రోఘైర్ అనే అమెరికన్ ఈ పాటను పల్నాటి గాయకుడి నోట విని, రికార్డు చేసి, ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఆ పుస్తకం 'ది ఎపిక్ ఆఫ్ పల్నాడు' 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది.

వీరుల గుడి ముందు నిలబడి పాడేవాళ్లు చెబితే నాగమ్మ మాయలమారి. అదే గురజాల కోట లోపల్నుంచి చూస్తే? పన్నెండో శతాబ్దంలో ఒక ఆడమనిషి మంత్రిణి అయి రాజ్యం నడిపింది, తన రాజు పక్షాన నిలబడింది. సంఘటనలు మారలేదు, చూసే కిటికీ మారింది. పాయింట్ ఆఫ్ వ్యూ అంటే అంతే. రస్కిన్ బాండ్ 'ది థీఫ్స్ స్టోరీ'లో దొంగే 'నేను' అంటూ చెబుతాడు కాబట్టి అతడి మీద మనకు జాలి కలుగుతుంది. అదే కథ డబ్బు పోగొట్టుకున్న అనిల్ చెప్పి ఉంటే? పిల్లలకు నేను ఇచ్చే అభ్యాసం ఇదే: కోడిపందేన్ని నాగమ్మ నోట పది వాక్యాల్లో రాయండి. ఫస్ట్ పర్సన్ అంటే ఏమిటో మళ్లీ బట్టీ పట్టనక్కర్లేదు.

వెనక్కి చూడొద్దన్న మాట ప్రపంచమంతా ఉంది

కోటప్పకొండ కథ తెలియనివాళ్లు పల్నాటిలో తక్కువ. వెనక్కి చూడకుండా నడిస్తే నీ ఇంటికి వస్తానన్న శివుడి మాట విని గొల్లభామ ఆనందవల్లి కొండ దిగబోయింది. ఉండబట్టలేక వెనక్కి తిరిగింది, స్వామి అక్కడే ఆగిపోయాడు. గ్రీకుల ఆర్ఫియస్ కూడా చనిపోయిన భార్యను పాతాళం నుంచి తెచ్చుకుంటూ ఇలాగే వెనక్కి చూసి ఆమెను పోగొట్టుకున్నాడు. జానపద కథల అంశాలకు నంబర్లు వేసిన స్టిత్ థాంప్సన్ అనే పండితుడు, వెనక్కి చూడకూడదనే ఈ నిషేధానికి సి331 అని గుర్తు పెట్టాడు. కథలో ఉత్కంఠ అంటే ఏమిటని అడిగితే ఆమె తల తిప్పబోయే ఆ క్షణం చెప్పండి.

లెంచో మన కల్లంలో నిలబడ్డ రైతే

ఎన్‌సీఈఆర్‌టీ 'ఫస్ట్ ఫ్లైట్' పుస్తకంలో తొలి పాఠం 'ఎ లెటర్ టు గాడ్'. రాసింది మెక్సికో రచయిత గ్రెగోరియో లోపెజ్ ఇ ఫుయెంతెస్. వాన కురుస్తుంటే లెంచో చినుకుల్ని కొత్త నాణేలంటాడు. ఇది మెటాఫర్. కాసేపటికే వడగళ్లు పడి పంట మొత్తం నాశనం. ఇది మనిషికీ ప్రకృతికీ కాన్‌ఫ్లిక్ట్. వంద పెసోలు పంపమని దేవుడికి ఉత్తరం రాస్తాడు. పోస్టాఫీసు వాళ్లు జాలిపడి చందాలు పోగేసి డెబ్భై పంపిస్తారు. మిగతా ముప్పై ఆ పోస్టాఫీసు వాళ్లే కాజేశారని లెంచో నమ్ముతాడు. పాఠకుడికి తెలిసింది పాత్రకు తెలియకపోవడం, అదే డ్రమాటిక్ ఐరనీ.

ఈ పాఠం పల్నాటి పిల్లలకు వివరించి చెప్పాలా? పరీక్షల కాలానికే కల్లాల్లో మిరపకాయలు ఎండుతూ ఉంటాయి. ఆకాశం మబ్బేస్తే అర్ధరాత్రి పట్టాలు పట్టుకుని పరుగెత్తిన పిల్లలే మర్నాడు ఈ పాఠం చదువుతారు. సెట్టింగు గురించి వాళ్ల అనుభవం నుంచి ఒక్క వాక్యం రాయనిస్తే చాలు, గైడు పుస్తకంలోని జవాబు చప్పబడిపోతుంది. రాయనివ్వాలనే నా కోరిక.

వినుకొండ గబ్బిలం ఒక సింబల్

గుర్రం జాషువా 1895లో వినుకొండలో పుట్టారు. 1941లో వచ్చిన ఆయన 'గబ్బిలం'లో గుడిలోకి అడుగు పెట్టనివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గబ్బిలం గుడిలో వేలాడవచ్చు, మనిషి మాత్రం వెళ్లకూడదు. కాళిదాసు మేఘాన్ని పంపిన చోట జాషువా అందరూ అపశకునమనే ప్రాణిని ఎంచుకున్నారు. సింబల్ అంటే ఇంతకంటే బలమైన ఉదాహరణ నాకు తెలియదు.

గ్రామర్, గ్లామర్ ఒకే మాట

ఒకప్పుడు చదువు వచ్చినవాళ్లకు మంత్రాలూ వస్తాయని జనం నమ్మేవాళ్లు. స్కాట్లండ్ వాళ్ల నోట గ్రామర్ అన్న మాట గ్లామర్‌గా మారి మంత్రశక్తి అన్న అర్థం తెచ్చుకుంది. తర్వాత అది అందానికి పేరయింది.

మన తప్పులకు తెలుగులోనే కారణాలున్నాయి

పిల్లలు ఇంగ్లీషులో చేసే తప్పుల్ని తెలివితక్కువతనంగా చూడటం నాకు బాధగా ఉంటుంది. ఆ తప్పుల్లో చాలావాటి వెనుక తెలుగు వ్యాకరణం చక్కగా పనిచేస్తూ ఉంటుంది.

'నుంచి' తీసుకోండి. రెండేళ్ల నుంచి, 2022 నుంచి అని రెంటికీ ఒకటే మాట వాడతాం. ఇంగ్లీషు వీటిని విడదీస్తుంది. ఎంతకాలమో చెబితే 'ఫర్', ఎప్పుడు మొదలైందో చెబితే 'సిన్స్'. నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. కాబట్టి 'పల్నాడు హ్యాజ్ బీన్ ఎ డిస్ట్రిక్ట్ సిన్స్ 2022'. ఈ వాక్యం గుర్తుంటే ఇక తడబాటు ఉండదు.

'ఎత్తిపోతల చూశాను' అనే తెలుగు వాక్యం ఇంగ్లీషులో రెండు రకాలు. నిన్న చూశాను అని కాలం చెబితే 'సా'. ఎప్పుడన్నది చెప్పకుండా ఇప్పటికే చూసేశాను అంటే 'హ్యావ్ సీన్'. యెస్టర్‌డే పక్కన 'హ్యావ్' రాదు.

ట్యాగ్ ప్రశ్నల్లో మనకు 'కదా' ఒక్కటి చాలు. వచ్చాడు కదా, బాగుంది కదా, తింటారు కదా. ఇంగ్లీషులో ప్రతి వాక్యానికీ తన క్రియను బట్టి వేరే తోక: 'డిడ్‌న్ట్ హీ', 'ఈజ్‌న్ట్ ఇట్', 'డోంట్ దే'. అందరూ 'ఈజ్‌న్ట్ ఇట్' అనేయడం 'కదా' అలవాటే.

వాయిస్ సంగతి ఇంకా బాగుంటుంది. 'అలరాజు చంపబడ్డాడు' అని పల్నాటిలో ఎవరూ అనరు. 'అలరాజును చంపారు' అంటారు. ఎవరు చంపారో చెప్పకుండానే వాక్యం నిండుగా ఉంది. తెలుగులో ఇలా కర్త లేకుండా 'చంపారు, కట్టారు, అన్నారు' అన్నచోట ఇంగ్లీషు పాసివ్ వాయిస్ వాడుతుంది: 'అలరాజు వాజ్ కిల్డ్'. నా చదువు రోజుల్లో ఇది ఆబ్జెక్టు ముందుకు, సబ్జెక్టు వెనక్కి అని సూత్రంలా వల్లె వేయించారు. ఈ ఒక్క పోలిక అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో!

రాయబారమే రిపోర్టెడ్ స్పీచ్. మన రాజ్యం మనకివ్వమని అడుగు అని పంపితే, రాయబారి వెళ్లి వాళ్ల రాజ్యం వాళ్లు అడుగుతున్నారని చెప్పాలి. 'మన' పోయి 'వాళ్ల' వచ్చింది. సర్వనామం మారడమంటే ఇదే. తెలుగులో 'అని' పెడితే సరిపోతుంది, లోపలి క్రియ కాలం కదలదు. ఇంగ్లీషులో 'దట్' తో పాటు కాలం కూడా ఒక మెట్టు వెనక్కి దిగుతుంది: 'విల్' కాస్తా 'వుడ్' అవుతుంది.

ఆర్టికల్స్ మనకు లేవు కానీ ఆ ఆలోచన ఉంది. అనగనగా ఒక కోడి అని మొదలుపెట్టి, తర్వాత ఆ కోడి అంటాం. మొదటిది 'ఎ', రెండోది 'ది'. 'యాన్' ఎక్కడ వాడాలన్నది అక్షరం చూసి కాదు, చెవితో విని తేల్చుకోవాలి: 'యాన్ ఎస్సెస్సీ సర్టిఫికెట్', 'ఎ యూనివర్సిటీ'.

పందికొక్కు ఇంగ్లీషు నిఘంటువులో ఉంది

బాండికూట్ అన్న ఇంగ్లీషు మాట తెలుగు పందికొక్కు నుంచి వెళ్లిందే. ఆ పేరు ఆస్ట్రేలియా దాకా ప్రయాణించి అక్కడి వేరే జంతువుకు కూడా అతుక్కుంది. నౌన్స్‌లో ఉదాహరణ కావాలంటే వాడుకోండి.

ఇంగ్లీషులో 'మనం' లేదు

తెలుగులో ఎదుటివాళ్లను కలుపుకుంటే 'మనం', వదిలేస్తే 'మేం'. ఇంగ్లీషులో రెంటికీ 'వి' ఒక్కటే. 1816లో మద్రాసులో అచ్చయిన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం మొదలు, తెలుగు నేర్చుకున్న ఇంగ్లీషువాళ్లందరూ ఈ తేడాను కొత్తగా నేర్చుకోవలసిందే. మాచర్ల వాళ్లూ 'మేం', గురజాల వాళ్లూ 'మేం' అనుకున్న కథలోనే, బ్రహ్మనాయుడు కులాలన్నిటినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడు. తిరునాళ్లలో మందపోరు నాడు ఇప్పటికీ ఆ భోజనం ఉంటుంది. అక్కడి 'మనం తిన్నాం' అన్న మాటను ఇంగ్లీషులో రాయాలంటే 'వి' ఒక్కటి చాలదు. 'ఆల్ ఆఫ్ అజ్', 'టుగెదర్' అని పక్కన చేర్చి రాయాలి.