ఇరవైకి ఒక్క ‘ఇంగ్’

ఇంగ్లిష్ సొంత భాషగా ఉన్నవాళ్ల కబుర్లలో 20కి పైగా సింపుల్ క్రియలు దొర్లితేగానీ ఒక్క కంటిన్యువస్ క్రియ (‘ఇంగ్’ రూపం) వినిపించదు. డగ్లస్ బైబర్, రాండీ రెపెన్ అనే భాషావేత్తలు 2002లో చూపిన లెక్క ఇది. మాటల్లో ‘ఇంగ్’ రూపమే ఎక్కువన్నట్టు పాఠ్యపుస్తకాలు దాన్ని ముందుకు తెచ్చేవి. లెక్క అందుకు పూర్తిగా ఎదురు తిరిగింది.

మన నోట ‘ఇంగ్’ ఎక్కువ పలకడానికి ఒక కారణం తెలుగు క్రియల్లోని ‘తున్న’. ‘మావాడు బ్యాంకులో పనిచేస్తున్నాడు’ అంటాం, ఆ ఉద్యోగంలో చేరి 30 ఏళ్లయినా సరే. దాన్నే ‘హి ఈజ్ వర్కింగ్ ఇన్ ఎ బ్యాంక్’ అంటే, లండన్‌లో వినేవాళ్లకు అదేదో కొన్నాళ్ల కొలువేమో అనిపిస్తుంది. స్థిరమైన ఉద్యోగానికి ‘హి వర్క్స్’ అనాలి. ‘ఐ లివ్ ఇన్ గుంటూర్’ అంటే కాపురం అక్కడే. ‘ఐ యామ్ లివింగ్’ అంటే ప్రస్తుతానికి అక్కడున్నానని.

అలాగని ‘తున్న’ కనిపించినచోటల్లా ‘ఇంగ్’ను కొట్టేయలేం. ‘ఏం చేస్తున్నావురా?’ అని స్నేహితుడు ఫోన్‌లో అడిగితే అది ‘వాట్ ఆర్ యు డూయింగ్?’. పెళ్లిపందిట్లో పెద్దాయన పక్కన కూర్చోబెట్టుకుని ‘ఏం చేస్తున్నావు బాబూ?’ అంటే అది ‘వాట్ డు యు డు?’. ఆయనకు కావలసింది మీ ఉద్యోగం వివరాలు (జీతం సంగతి తర్వాతి ప్రశ్న).

ఆ పరిశోధకులదే ఇంకో లెక్క ఉంది. సంభాషణల్లో వచ్చే ప్రధాన క్రియల్లో దాదాపు 45 శాతం కేవలం 12 క్రియలవే: సే, గెట్, గో, నో, థింక్, సీ, మేక్, కమ్, టేక్, వాంట్, గివ్, మీన్. వీటిలో నో, వాంట్, మీన్ మామూలుగా ‘ఇంగ్’ను దగ్గరికి రానివ్వవు. మనమూ ‘తెలుసు’కీ ‘కావాలి’కీ ‘తున్న’ తగిలించం కదా! కాబట్టి ‘ఐ యామ్ నోయింగ్’ నేరం తెలుగుది కాదు; ఒకసారి పట్టుబడిన ‘ఇంగ్’ను అన్నింటికీ అంటించే అలవాటుది. థింక్ మాత్రం రెండు వైపులా ఉంటుంది: ‘ఐ థింక్’ అంటే నా అభిప్రాయం, ‘ఐ యామ్ థింకింగ్’ అంటే ఇంకా తేల్చుకోలేదని. లవ్ కూడా ‘ఇంగ్’కు దూరంగా ఉండే క్రియే. అయినా మెక్‌డొనాల్డ్స్ 2003లో ‘ఐయామ్ లవిన్ ఇట్’ అంది, కావాలనే.

జరిగిపోయిన సంగతుల దగ్గర మనకంత ఇబ్బంది లేదు. ‘కరెంటు పోయినప్పుడు వంట చేస్తున్నాను’ అన్నదాంట్లో పోవడం సింపుల్, వంట కంటిన్యువస్. ‘వాజ్ కుకింగ్’ బదులు ‘కుక్డ్’ అంటే కరెంటు పోయాకే పొయ్యి వెలిగించినట్టు.