గర్భాశయపు పొర గాజు పళ్లెంలో

గర్భాశయపు లోపలి పొర నెలనెలా పెరిగి, రాలి, మళ్లీ పుడుతుంది. ప్రయోగశాల ఎలుకకు నెలసరి రాదు కాబట్టి దీన్ని తెలుసుకోవాలంటే మనిషి కణాలే కావాలి. 2017లో కేంబ్రిడ్జ్, లూవెన్ పరిశోధకులు ఆ పొరలోని గ్రంథి కణాలను జెల్‌లో చిన్న బోలు గోళాలుగా పెంచారు. అలాంటి గోళాలకు ఈస్ట్రోజన్ ఇస్తే కొన్ని కణాలకు నూగులాంటి సిలియా మొలుస్తాయి. ప్రొజెస్టిరాన్ తోడైతే, గర్భానికి సిద్ధమయ్యే గ్రంథుల్లాగే స్రావాలు ఊరుతాయి. చుట్టూ ఉండే స్ట్రోమా కణాల మార్పు ఇంకా స్పష్టం: ప్రొజెస్టిరాన్, కణాల్లో సంకేతాలు మోసే సైక్లిక్ ఏఎంపీ కలిపి కొన్ని రోజులు ఉంచితే, కదురులా సన్నగా ఉన్నవి గుండ్రంగా ఉబ్బి ప్రొలాక్టిన్ అనే హార్మోన్ విడుదల చేస్తాయి.

పళ్లెంలో రక్తనాళాలు లేవు, అది శరీరమెలా అవుతుందని అడగవచ్చు. కాదు, నిజమే. కానీ ఏ హార్మోన్ ఏ కణాన్ని మారుస్తుందో విడదీసి చూడటానికి ఆ లోటే ఉపకరిస్తుంది. ఇలాంటి పొర గర్భాశయం బయట పెరిగి నొప్పి కలిగించే ఎండోమెట్రియోసిస్ ఉన్న చాలామంది స్త్రీల కణాలు పళ్లెంలోనూ ప్రొజెస్టిరాన్‌కు సరిగా స్పందించవు. నొప్పిని ఓర్చుకోమనే సలహాకన్నా ఈ ఆధారమే విలువైనది.