హార్డ్ డ్రైవ్ కొంటున్నారా? డబ్బా మీద స్పీడ్ కాదు, కాపీ అయ్యే టైమ్ చూడండి!

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వైజాగ్‌ని తాకాక రోజుల తరబడి కరెంట్ లేదు, సెల్ సిగ్నల్ లేదు. అలాంటప్పుడు క్లౌడ్‌లో పెట్టిన ఫొటోలు ఉన్నా చేతికి రావు. ఇంట్లో ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఉంటే ఎంత నయమో మన ఊళ్లో వేరే చెప్పక్కర్లేదు. అయితే తుపాను హెచ్చరిక వచ్చాక ల్యాప్‌టాప్ బ్యాటరీ అయిపోయేలోపు 200 జీబీ డేటా అందులోకి కాపీ అవుతుందా? అసలు చూడాల్సింది ఇదే.

బిట్ వేరు, బైట్ వేరు

డబ్బా మీద "5 జీబీపీఎస్" అని పెద్దక్షరాలతో ఉంటుంది. అది గిగాబిట్స్ లెక్క. 8 బిట్లు కలిస్తే ఒక బైట్. డేటాతో పాటు వెళ్లే అదనపు బిట్లు కూడా తీసేస్తే, 5 జీబీపీఎస్ యూఎస్‌బీలో సెకనుకు గరిష్ఠంగా 500 ఎంబీ వెళ్తుంది. వాడకంలో 400 దాకా వస్తే మంచిదే. పాత యూఎస్‌బీ 2.0 అయితే 480 ఎంబీపీఎస్ అని రాసినా, చేతికొచ్చేది 30-40 ఎంబీనే.

టార్పెడో లాడిల్ లెక్క

ఉక్కునగరం వాళ్లకి ఇది చాలా ఈజీగా అర్థమవుతుంది. స్టీల్ ప్లాంట్‌లో గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేసులు ఉన్నాయి. ఫర్నేస్ ఎంత ఇనుము కరిగించినా, దాన్ని మోసుకెళ్లే టార్పెడో లాడిళ్లు ఆలస్యమైతే స్టీల్ మెల్ట్ షాప్ ఖాళీగా కూర్చోవాల్సిందే. డేటా కూడా అంతే. డ్రైవ్, కేబుల్, పోర్ట్, ల్యాప్‌టాప్ లోపలి డిస్క్... ఈ నాలుగింట్లో ఏది స్లోగా ఉంటే అదే మీ స్పీడ్.

200 జీబీ పెద్ద వీడియో ఫైల్స్‌కి సుమారుగా పట్టే టైమ్ ఇలా ఉంటుంది:

• యూఎస్‌బీ 2.0 (సెకనుకు 35 ఎంబీ): గంటా 35 నిమిషాలు
• యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ (120 ఎంబీ): 28 నిమిషాలు
• 5 జీబీపీఎస్ ఎస్‌ఎస్‌డీ (400 ఎంబీ): 8 నిమిషాలు
• 10 జీబీపీఎస్ ఎస్‌ఎస్‌డీ (1000 ఎంబీ): మూడున్నర నిమిషాలు

ఖరీదైన ఎస్‌ఎస్‌డీ కొన్నా, మీ ల్యాప్‌టాప్ లోపల ఉన్నది పాత హార్డ్ డిస్క్ అయితే మళ్లీ అదే అరగంట. ఫోన్ డబ్బాలో వచ్చిన టైప్-సి కేబుల్ పెట్టారా? వాటిలో చాలావరకు యూఎస్‌బీ 2.0 స్పీడే ఉంటుంది. అంటే ఎస్‌ఎస్‌డీకి కూడా గంటన్నర పట్టేస్తుంది!

చిన్న ఫైల్స్‌తోనే పెద్ద తలనొప్పి

హార్డ్ డిస్క్ లోపల పళ్లెం తిరుగుతుంది, దాని మీద హెడ్ కదులుతుంది. 5400 ఆర్‌పీఎం డిస్క్‌లో హెడ్ సరైన చోటికి వెళ్లి, డేటా దాని కిందకి వచ్చేసరికి 15 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. అంటే సెకనుకు 60-70 చోట్లకి మించి చదవలేదు. అందుకే ఒక్క సినిమా చకచకా కాపీ అవుతుంది కానీ, అంతే సైజున్న వేల చిన్న ఫైల్స్ నత్తనడకే. వాటిని ముందే జిప్ చేసి పెట్టుకోండి. ఇంకో సంగతి: డిస్క్ నిండే కొద్దీ లోపలి ట్రాకులు వాడాల్సి వస్తుంది కాబట్టి స్పీడ్ దాదాపు సగానికి పడిపోతుంది.

ఎస్‌ఎస్‌డీలో తిరిగే పార్ట్స్ లేవు కాబట్టి ఈ బాధ చాలా తక్కువ. కానీ చవక మోడల్స్‌లో క్యాష్ నిండగానే రాసే స్పీడ్ ఒక్కసారిగా పడిపోతుంది. రివ్యూల్లో 1 జీబీ టెస్ట్ చూసి మురిసిపోకండి, 100 జీబీ కాపీ చేసిన రిజల్ట్ వెతకండి.

మరి ఏది కొనాలి?

ఏళ్ల తరబడి ఫొటోలు, సినిమాలు దాచుకోడానికైతే హార్డ్ డిస్క్ చాలు, అదే డబ్బుకి ఎక్కువ స్పేస్ వస్తుంది. ఎడిటింగ్, గేమ్స్, అర్జెంట్ బ్యాకప్ కోసమైతే ఎస్‌ఎస్‌డీ తీసుకోండి. ఏది కొన్నా కొన్నరోజే మీ కేబుల్‌తో, మీ ల్యాప్‌టాప్‌లో ఒక 20 జీబీ ఫైల్ కాపీ చేసి టైమ్ చూడండి. దాన్ని పదితో గుణిస్తే 200 జీబీకి ఎంత పడుతుందో తెలిసిపోతుంది. అదే మీ డ్రైవ్ అసలు స్పీడ్!