సామెతకు సరిజోడు దొరికేనా?

గంగవరం: పలమనేరు పక్కనున్న ఈ ప్రాంతంలో పుట్టి పెరిగినవారికి మూడు నాలుగు భాషలు చెవిన పడటం కొత్త కాదు. ఇంట్లో తెలుగు, పడమటి చుట్టరికాల్లో కన్నడం, తూర్పు, దక్షిణపు వ్యాపారాల్లో తమిళం, పక్క వీధిలో ఉర్దూ. బేరం ఒక భాషలో మొదలై మరో భాషలో తెగుతుంది. సామెత దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎంతటి మాటకారికైనా తడబాటు తప్పదు. మాటకు మాట మార్చి చెబితే ఎదుటివాడు తెల్లమొహం వేస్తాడు. ఆ సందర్భంలో అతని ఊళ్లో ఏమంటారో అది చెబితేనే తల ఊపుతాడు.

కొన్ని సామెతలతో ఈ చిక్కు లేదు. “నిండు కుండ తొణకదు” అని మనమంటే తమిళులు “నిఱైకుడం తళుంబాదు” అంటారు. కన్నడిగులు “తుంబిద కొడ తుళుకువుదిల్ల” అంటారు. కుండ ఒకటే, నీళ్లూ ఒకటే. మొరిగే కుక్క కరవదన్న మాట ఈ మూడు భాషల్లోనే కాదు, ఇంగ్లీషులోనూ, ఎక్కడో ఉన్న స్పెయిన్ దేశపు భాషలోనూ ఉంది. కుక్కల తీరు అన్ని దేశాల్లోనూ ఒకటే కాబోలు!

“ఆడలేక మద్దెల ఓడు” సంగతి వేరు. మన ఆటకత్తె మద్దెలను తప్పుబడితే, తమిళావిడ కూడం, అంటే ఇంటి నడిమి సావడి, వంకరగా ఉందంటుంది. కన్నడావిడ నేల డొంకు అంటుంది. హిందీ, ఉర్దూలలో వాకిలి వంకర. ఇంగ్లీషువారి దగ్గర ఆటే లేదు. చేతగాని పనివాడు పనిముట్లను తిడతాడని వారి సామెత. పిల్లవాడు మద్దెలను ఇంగ్లీషులోకి ఎంత చక్కగా మార్చినా దొరకు బోధపడదు. పనిముట్లు అంటే వెంటనే పట్టుకుంటాడు.

ఈ జోడు వెతికే పని ఇప్పటిది కాదు. మద్రాసు సైన్యంలో పనిచేసిన కెప్టెన్ కార్ అనే ఆంగ్లేయుడు 1868లో “ఆంధ్ర లోకోక్తి చంద్రిక” పేరిట తెలుగు సామెతలను పుస్తకంగా అచ్చు వేయించాడు. తెలుగు మాట, దాని ఇంగ్లీషు అర్థం, అవసరమైన చోట వివరణ ఇచ్చాడు. తన దేశపు మాటల్లో దగ్గరివి తోచినచోట జత చేశాడు. తమిళ సామెతలకు పెర్సివల్ అనే ఆయన ఇలాంటి పనే చేశాడు. 1874 నాటి ఆయన పుస్తకంలో ఆరు వేలకు పైగా సామెతలున్నాయి. అచ్చులోకి ఎక్కించినవారు దొరలు కావచ్చు గానీ, సామెతలు చెప్పి, ఎప్పుడంటారో విడమరచినవారు మన ఊళ్లవారే కదా. వారి పేర్లు పుస్తకాల అట్టలమీదికి రాలేదు.

సామెతలతో అవస్థ పడినవారిలో స్పెయిన్ పుస్తకాలను ఇంగ్లీషులోకి తెచ్చినవారిని ముందు చెప్పుకోవాలి. సెర్వాంటిస్ 1605లోనూ, 1615లోనూ రెండు భాగాలుగా వెలువరించిన “డాన్ క్విక్సోట్” నవలలో సాంచో పాంజా అనే పల్లెటూరి రైతు ఉన్నాడు. నోరు తెరిస్తే సామెతే. సందు దొరికితే నాలుగైదు గుప్పిస్తాడు, యజమాని విసుక్కుంటాడు. మన రచ్చబండ మీద కూర్చోబెడితే ఇట్టే కలిసిపోయే మనిషి. షెల్టన్ అనే ఆయన 1612లో మొదటి భాగాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. అప్పటినుంచి అనువాదం చేసిన ప్రతివారికీ ఒకటే ప్రశ్న: సాంచో మాటను ఉన్నదున్నట్లు చెప్పాలా, తమ ఊరి సామెతతో మార్చాలా?

చేతిలో ఉన్న ఒక్క పిట్ట ఎగిరే నూటికంటె మేలని స్పెయిన్‌వారు అంటే, పొదలోని రెంటికంటె మేలని ఇంగ్లీషువారు సరిపెట్టుకున్నారు. మనవారు పిట్టల జోలికి పోకుండా “మబ్బుల్లో నీళ్లు చూసి ముంత ఒలకబోసుకున్నట్లు” అన్నారు. బోర్లు ఎండి, వాన కోసం ఆకాశంవైపు చూసే మన ప్రాంతానికి ముంత మాటే నాటుతుంది.

ఊరక వచ్చిన గుర్రానికి నోరు తెరచి పళ్లు చూడరాదన్నది స్పెయిన్, ఇంగ్లండు రెండింటా ఉన్న మాట. తమిళుల సామెతలో అది దానమిచ్చిన మాడు, కన్నడిగుల సామెతలో ఎమ్మె. జంతువు మారినా పళ్లు మారలేదెందుకో సంతకు పోయే రైతుకు చెప్పనక్కరలేదు. రెండు పళ్ల కోడె, నాలుగు పళ్ల కోడె, ఆరు పళ్లు, ఎనిమిది పళ్లు అని పశువు ఈడును, దాన్నిబట్టి ధరను తేల్చేది నోరు తెరిచే. డబ్బు పోసి కొనేటప్పుడు అది వివేకం. ఊరికే ఇచ్చినదానికి చూస్తే ఇచ్చినవాడికి అవమానం. ట్రాక్టరు తప్ప ఎద్దును ఎరగని పిల్లలకు ఈ పళ్ల గొడవ ఏమిటో విప్పి చెబితే గాని తెలియదు.

పైకి ఒకటిగా కనిపించి మోసం చేసేవి కూడా ఉన్నాయి. “మొక్కై వంగనిది మానై వంగునా” అన్నదానికి తమిళులు “ఐదులో వంగనిది యాభైలో వంగుతుందా” అంటారు. సరిపోయింది. వంకరగా పుట్టిన చెట్టు మాను ఎన్నటికీ నిటారు కాదన్నది స్పెయిన్ మాట. రెండింటా చెట్టే గదా అని జత కలిపితే పొరపాటే. మన సామెత పిల్లవాడిని చిన్ననాడే దిద్దుకోమని తల్లిదండ్రులకు చేసే హెచ్చరిక. వారిది పుట్టుకనే తప్పుబట్టి చేతులు దులుపుకొనే మాట. బడిలో ఈ రెండూ ఒకటేనని నేర్పితే ఆ పిల్లవాడికి నష్టమే.

రోళ్లు మూలపడ్డాయి, కపిలలు పోయాయి, గానుగలు అరుదయ్యాయి. “రోట్లో తల పెట్టి రోకటిపోటుకు వెరచినట్లు” అన్న మాట పుస్తకంలో మిగిలినా, దాన్ని ఎవరు ఎవరితో ఏ సమయాన అనేవారో చెప్పేవారు తగ్గుతున్నారు. ఆ సంగతి తెలియకుండా ఏ భాషలోనూ జోడు దొరకదు. ద్రావిడ భాషలను పక్కపక్కన పెట్టి చూసేందుకే 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసింది. ఇలాంటి సేకరణకు మన సరిహద్దు పల్లెలకంటె మంచి చోటు ఎక్కడుంటుంది? కులాలను, ఆడవారిని కించపరిచే సామెతలు కూడా పాత పుస్తకాల్లో బోలెడు. వాటిని చరిత్రగా రాసి పెట్టుకోవచ్చు గాని, వాటికి జోడు వెతకవలసిన అగత్యం లేదు.

చివరగా పాఠకులకు ఒకటి. కమ్మరి ఇంట కొయ్య కత్తి అని స్పెయిన్‌లో సామెత. ఊరందరికీ ఇనుప పనిముట్లు చేసిచ్చేవాడి ఇంట్లో కూర తరగను కొయ్య కత్తే గతి అని. ఇంగ్లీషులో అది చెప్పులు కుట్టేవాడి పిల్లల వట్టి కాళ్లయింది. తెలుగులో “దీపం కింద చీకటి” దగ్గరికి వస్తుంది గాని, కమ్మరి భార్య పడే ఉక్రోషం అందులో లేదు. మీ ఊళ్లో ఆమె మొగుణ్ణి ఏమని దెప్పిపొడుస్తుంది?