టైరు ఎంత బరువు మోస్తుంది?

క్లాంగ్ పట్టణంలో లారీలు కనబడని పూట ఉండదు. రేవు నుంచి పెద్ద పెద్ద ఇనుప పెట్టెలను మోసుకుపోయే లారీలు ఒక వైపు, పామాయిలు గెలలు, కూరగాయలు, కొబ్బరికాయలు వేసుకుపోయే చిన్న పికప్ బండ్లు మరొక వైపు. మీలో కొందరి ఇళ్ళ ముందు కూడా అటువంటి పికప్ బండి ఉండే ఉంటుంది. ముందు మనుషులు కూర్చునే గది, వెనుక సరుకు వేసే తొట్టి. అది ఆగి ఉన్నప్పుడు ఎప్పుడైనా దాని టైరు ప్రక్కన కూర్చుని చూచారా? నల్లని రబ్బరు మీద నల్లగానే, ఉబ్బెత్తుగా, ఏవో అంకెలూ అక్షరాలూ ఉంటాయి. పెద్దవారిలో కూడా వాటిని చదివేవారు తక్కువ. మా బావగారు కూడా చదవలేదు.

ఆయన పికప్ బండికి టైర్లు అరిగిపోతే ఒక కొట్టులో నాలుగు కొత్తవి వేయించారు. కొలత పాతదే. చక్రాలకు చక్కగా పట్టాయి. ధర కూడా కొంత తక్కువే. కొద్ది రోజుల తరువాత ఆయన బాగన్ దాతుక్ వెళ్ళారు. అది ఒకప్పుడు మన తెలుగువారు ఎందరో కొబ్బరి తోటల పనికి వచ్చి స్థిరపడిన చోటు. అక్కడ కొబ్బరికాయలు వేసుకుని, మిట్టమధ్యాహ్నపు ఎండలో తిరిగి వస్తుండగా, కాపర్ దాటిన తరువాత వెనుక ఎడమ టైరు పెద్ద చప్పుడుతో పగిలింది. బండి అడ్డం తిరిగి రోడ్డు ప్రక్క గడ్డిలో ఆగింది. కాయలు సగం కాలువలో పడ్డాయి. ఆ క్షణాన ప్రక్కన మోటారు సైకిలు ఏదీ లేదు. ఉండి ఉంటే ఏమయ్యేదో మా అక్క ఇప్పటికీ తలచుకుని భయపడుతుంది.

కొలత సరిపోయిన కొత్త టైరు ఎందుకు పగిలింది? దీనిని నేను తరగతిలో లెక్కగా ఇచ్చాను. సరుకు లేని బండి బరువు, నడిపేవారితో కలిపి, 1900 కిలోలు అనుకోండి. సరుకు 900 కిలోలు. మొత్తం 2800. టైర్లు నాలుగు. ఒక్కొక్క టైరు మీద ఎంత బరువు పడుతుంది?

తరగతి అంతా ఒక్కసారిగా 700 అన్నది. నేను కూడా సరే అనబోయాను. వెనుక బల్ల మీది అమ్మాయి ఒకతె, వాళ్ళ నాన్న లారీ నడుపుతాడు, లేచి, "సార్, సరుకంతా వెనుకనే కదా ఉండేది?" అని అడిగింది.

ఆమె మాటే సరియైనది. ఇంజను ముందు ఉంటుంది కనుక, ఖాళీ బండిలో ముందు చక్రాల మీద 1100 కిలోలు, వెనుక చక్రాల మీద 800 కిలోలు పడతాయని అనుకుందాం. తొట్టి ఉన్నది వెనుక చక్రాల పైన. అందుచేత 900 కిలోల సరుకులో దాదాపు అంతా వెనుకకే చేరుతుంది. 800కు 900 కలిపితే 1700. దానిని రెండు టైర్లు పంచుకుంటే ఒక్కొక్క దాని మీద 850 కిలోలు. ముందు టైర్ల మీద మాత్రం 550 చొప్పుననే ఉంటుంది. నాలుగుతో భాగిస్తే వచ్చిన 700 ఏ టైరు మీదా లేదు!

ఇప్పుడు టైరు మీది వ్రాతను చదువుదాం. బావగారి పాత టైరు మీద 215/70 ఆర్ 15 సి 109/107 ఎస్ అని ఉండేది. 215 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అంటే ప్రక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 70 వంతులు. ఆర్ అనేది లోపలి పొరలను అడ్డంగా, అంచు నుంచి అంచుకు పరచే రేడియల్ పద్ధతికి గుర్తు. 15 అంటే లోపలి ఇనుప చక్రం అడ్డుకొలత, అంగుళాలలో. చివరి ఎస్ గంటకు 180 కిలోమీటర్ల వేగానికి గుర్తు. అంత వేగంగా పొమ్మని కాదు, టైరు అంతవరకే తట్టుకుంటుందని.

మధ్యలోని 109 మనకు కావలసిన అంకె. ఇది కిలోలు కాదు, ఒక పట్టికలోని వరుస సంఖ్య. ఆ పట్టికలో 98కి 750 కిలోలు, 100కి 800, 104కి 900, 109కి 1030, 112కి 1120 అని ఉంటుంది. 109 ప్రక్కన ఉన్న 107, లారీలలో వలె ఒకే వైపు రెండేసి టైర్లు జంటగా వేసినప్పటిది. జంటలో ఒక్కొక్కటి 975 కిలోలే మోయాలి. సి అనే అక్షరం సరుకు బండ్ల కోసం గట్టిగా కట్టిన టైరు అని తెలుపుతుంది.

కొత్త టైర్ల మీద ఏమున్నదో తెలుసా? 215/70 ఆర్ 15, ఆ తరువాత 98. కొలత ఒక్కటే, కాని సి లేదు. అది మనుషులు తిరిగే కార్ల టైరు. 750 కిలోలు మోయగలిగిన దాని మీద 850 కిలోలు పడింది. నాలుగుతో భాగించి చూచినవారికి 700 వస్తుంది, టైరు సరిపోతుందని అనిపిస్తుంది. మోసం అక్కడే ఉన్నది.

బరువును నిజంగా మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. పెట్రోలు బంకులోని యంత్రం 240 అని చూపినప్పుడు, గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు 2.4 కిలోల బలంతో నెడుతున్నదని అర్థం. 850ని 2.4తో భాగించండి. సుమారు 354 చదరపు సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు మీ వ్రాతపుస్తకం అట్టంత జాగా నేలను తాకాలి. గాలి ఇంకా తగ్గితే ఇంకా ఎక్కువ జాగా తాకాలి. అందుకోసం టైరు అడుగు భాగం నలిగి పరచుకుంటుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ ప్రక్క గోడ వంగి లేస్తుంది. ఒక ఇనుప తీగను పదిసార్లు అటూ ఇటూ వంచి చూడండి, వేలికి వేడి తగులుతుంది. టైరు కిలోమీటరుకు దాదాపు 500 సార్లు వంగుతుంది. ఆ వేడికి లోపలి పొరల అతుకు వదులుతుంది. అందుకే టైర్లు బయలుదేరినప్పుడు కాక, చాలా దూరం పోయిన తరువాత, ఎండలో, పగులుతాయి. సి టైరు మరింత ఎక్కువ గాలిని పట్టి ఉంచేలా కడతారు. అంతే కాని ఆ టైరు వేసి గాలి తక్కువ పెడితే ప్రయోజనం లేదు.

కొన్ని టైర్ల మీద 8 పిఆర్ అని కూడా కనబడుతుంది. పూర్వం టైరు లోపల నూలు గుడ్డ పొరలు వేసేవారు. ఎనిమిది పొరలుంటే ఎనిమిది అనేవారు. ఇప్పుడు తక్కువ పొరలతోనే ఆ బలం వస్తున్నది, అయినా పాత లెక్క పోలేదు. రబ్బరు తోటల్లో పాలు గీసిన మన తాతముత్తాతలకు ఈ సంగతులు తెలిసే అవకాశం లేదు. వారు తీసిన పాలు ఓడలెక్కి ఎక్కడెక్కడో టైర్లయ్యాయి. మన ప్రక్కనున్న షా ఆలంలో 1972లో మొదలైన గుడ్‌ఇయర్ టైర్ల కర్మాగారం కూడా 2024లో మూతపడింది.

ఏ బండికి ఏ టైరు తగునో వెతకడం కష్టం కాదు. నడిపేవారి తలుపు తెరిస్తే, ప్రక్క చట్రం మీద సాధారణంగా ఒక చిన్న కాగితం అంటించి ఉంటుంది. టైరు కొలత, ఎంత గాలి పెట్టాలో అందులో ఉంటాయి. బండితో వచ్చిన పుస్తకంలో మిగిలిన వివరాలుంటాయి. కొత్త టైరు అంకె అందులో చెప్పిన దానికి సమానంగానో, ఎక్కువగానో ఉండాలి. అయితే 109కి బదులు 112 వేసినంత మాత్రాన బండి మరింత సరుకు మోయదు. స్ప్రింగులు, ఇరుసు, బ్రేకులు పాతవే కదా!

బావగారు ఇప్పుడు మళ్ళీ 109 టైర్లే వేయించారు. అడుగున వ్రేలాడే అదనపు టైరును మాత్రం ఎవరూ చూడలేదు. మొన్న మా మేనల్లుడు బండి క్రిందకు దూరి, టార్చిలైటు వేసి చదివాడు. దాని మీద 98 అని ఉన్నది.